తడి ఆరేదాకా

నీటిరంగులు నేర్చుకునేవాళ్లకి క్లాసు మధ్యలో ఒక అరగంట ఖాళీ దొరుకుతుంది. మొదటి పూత ఆరాలి. ఆరకుండా రెండోది వేస్తే రంగులన్నీ ఒకదాంట్లోకి ఒకటి పారి బురదవుతాయి. అందుకని సత్యనారాయణపురంలో జెరాక్స్ షాపు పైన వేదశ్రీ నడిపే ఆదివారం క్లాసులో మూడున్నరయ్యేసరికి అందరూ కాగితాలు బల్లల మీద వదిలేసి, మెట్లు దిగి, అఫ్రాజ్ టీ బండి దగ్గర చేరతారు. అందరికంటే ముందు దిగేది రహ్మాన్. ఆయన కాగితం మీద ఆరడానికి ఏమీ ఉండదు.

ఆ సంగతి ఆయనొక్కడికే తెలుసు. "నేను ఇంటి దగ్గర వేస్తానమ్మా, ఇక్కడ చూసి పోతా" అని మొదటి ఆదివారమే వేదశ్రీతో చెప్పాడు. పాత చేయి కదా అని ఆ పిల్ల కూడా సరేనంది. ఇది ఎనిమిదో ఆదివారం. ఆఖరిది. చంకలో దారం కట్టిన అట్ట ఫోల్డరు, చొక్కా జేబులో మూత పెట్టిన కుంచె, భుజానికి సంచి. ఫోల్డరులో ఒకే కాగితం. అది కొన్న రోజు ఎంత తెల్లగా ఉందో ఇవాళా అంత తెల్లగానే ఉంది. నాలుగింటికి తెరేసమ్మ వస్తానంది, బొమ్మ తీసుకెళ్లడానికి.

రహ్మాన్‌కి అరవై నాలుగేళ్లు. అందులో నలభై బెజవాడ గోడల మీద, షట్టర్ల మీద, లారీల నెత్తిన రాతలు రాస్తూ గడిచాయి. ప్రతి బోర్డుకీ కుడివైపు కింద మూలన 'రహ్మాన్ ఆర్ట్స్' అని చిన్న సంతకం. అక్షరం ఆయనది. దానికి వంక పెట్టినవాడు లేడు. బొమ్మ మాత్రం పాల్‌ది. కోడిపుంజు కావాలన్నా, గాజుల చెయ్యి కావాలన్నా, నవ్వుతున్న పళ్ల డాక్టరు కావాలన్నా నిచ్చెనెక్కేది పాలే. కానీ పాల్ మాట్లాడే మనిషి కాదు, రహ్మాన్ మాట్లాడకుండా ఉండే మనిషి కాదు. మాట్లాడేవాడి కథ 'నేను' అనే మొదలవుతుంది గనక, ఏళ్లు గడిచేకొద్దీ బొమ్మలు కూడా రహ్మానే వేశాడని బజారంతా నమ్మింది. ఏదో ఒక రోజు ఆయనా నమ్మేశాడు.

తర్వాత ఫ్లెక్సులొచ్చాయి, పని పోయింది. నాలుగేళ్ల కిందట పాల్ పోయాడు. బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో పాల్ ఇల్లు కిటికీల దాకా మునిగి, గోడనున్న ఒక్క ఫోటో, బీరువాలో ఆల్బము, ఫోను అన్నీ నీళ్లపాలయ్యాయి. మిగిలింది ఆధార్ కార్డు. అందులో పాల్ ఎవరిదో పర్సు కొట్టేసి దొరికిపోయినట్టు ఉంటాడు.

రెండు నెలల కిందట తెరేసమ్మ ఇంటికొచ్చి అడిగింది. "జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నామన్నయ్యా. ఆయన బొమ్మ ఒకటి కావాలి. ఆ కార్డులో మొహాన్ని పెద్దది చేయించి ఫ్లెక్సు వేయిద్దాం అంటన్నారు మా వాళ్లు. నేను ఒప్పుకోలా. మీ ఇద్దరి నోటికాడ కూడు తీసింది అదే, దాని మీదకి ఆయన్ని ఎక్కించి దండేస్తానా? నువ్వు వెయ్యి. నువ్వు వెయ్యని బొమ్మంటూ ఉందా ఈ ఊళ్లో?"

ఆ ఆఖరి మాట నమ్మకమో ఎత్తిపొడుపో రహ్మాన్‌కి అప్పుడు అంతుబట్టలేదు. "ఎంత పని తెరేసమ్మా! వారం రోజులు" అనేశాడు. నోరు జారాక చెయ్యి వెనక్కి లాగింది. ఆ వారమే వచ్చి ఈ క్లాసులో చేరాడు. ఎనామెల్‌లో తప్పొస్తే గుడ్డ పెట్టి తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఈ నీళ్ల పనిలో తప్పు పడితే పడ్డట్టే. పైగా వేదశ్రీ మొదటి రోజే ఒక మాటంది: "తెలుపు మనం వెయ్యం అంకుల్, వదిలేస్తాం." నలభై ఏళ్లలో గోడ మీద జానెడు జాగా కూడా వదలని మనిషికి ఆ మాట ఎలా మింగుడుపడుతుంది?

"ఇవాళ ఆఖరి క్లాసండీ రహ్మాన్ గారూ" అన్నాడు శరత్‌చంద్ర, టీ ఊదుకుంటూ. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయిన మనిషి, క్లాసులో రహ్మాన్ పక్క బల్ల ఆయనదే. "ఇవాళైనా ఆ ఫోల్డరు విప్పుతారా?"

రహ్మాన్ రోడ్డు చివరికి చూశాడు. తెరేసమ్మ జాడ లేదు. గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పాడు.

"విప్పడానికేముందండీ! బొమ్మ అన్నాక మనం చూపించేది కాదు, దానంతటది కనపడాలి. ఉయ్యూరు రోడ్డులో పాల డెయిరీ గోడ గుర్తుందా మీకు? ఇప్పుడు లేదులెండి, అపార్ట్‌మెంటు కట్టేశారు. దాని మీద ఆవుని వెయ్యమన్నారు, పొదుగు బాగా నిండుగా కనపడాలన్నారు. పొద్దున్నే మొదలెట్టా. పాల్ కింద నిచ్చెన పట్టుకున్నాడు, నేను పైన. మధ్యాహ్నానికల్లా ఆవు నిలబడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడిదో లేగదూడ, పలుపు తెంపుకుని, లారీలు ఆపుకుంటా రోడ్డు దాటొచ్చి, గోడకి మూతిపెట్టి కుమ్ముడే కుమ్ముడు! మూతినిండా ఎనామెలు. దూడ తాలూకు మనిషొచ్చి చేతులు పట్టుకున్నాడండీ, అయ్యా, ఆ పొదుగు చెరిపెయ్యండి, నా దూడ ఇంటికి రానంటంది అని."

"చెరిపేశారా చాచా?" అఫ్రాజ్ పాలగిన్నెలో గరిటె తిప్పుతూ అడిగాడు.

"చెరపడమా? నేనా? పక్కన పచ్చగడ్డి వేశా. దూడ అటు మళ్లింది."

శరత్‌చంద్ర నవ్వు దాచుకోలేదు. "అది గోడ. మరి నీటిరంగులో?"

"అక్కడికే వస్తన్నా. మొదటి వారం అమ్మాయి ఏం వెయ్యమంది? ఒట్టి నీలం, పైనుంచి కిందికి, మచ్చ లేకుండా. అదీ ఒక పనేనా? ఇంటికెళ్లి ఒక్క ఊపులో లాగా. అంత నున్నగా వచ్చింది గదా, ఖాళీగా ఎందుకని కింద కాస్త కృష్ణ వేశా, పున్నమి ఘాట్ దగ్గర్నుంచి చూస్తే ఎట్టా కనపడుద్దో అట్టా. వేసి ఫ్యాను కింద పెట్టా. సాయంత్రానికి ఆరలా. తెల్లారింది, ఆరలా. మేడ మీద ఎండలో పెట్టా, మన బెజవాడ ఎండలో, వడియాలు గంటలో కరకరలాడే ఎండలో. మూడు రోజులండీ! వేలు పెడితే తడి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగో రోజు పొద్దున చూద్దును గదా, కాగితం అంచున ఒక కొంగ. ఒంటికాలి మీద నిలబడి నీళ్లలోకి చూస్తంది. కాసేపు చూసి నావైపు తిరిగింది. ఏమయ్యా, నది వేశావు, అందులో ఏమీ వెయ్యలేదే అన్నట్టు."

"పాపం, ఆకలేసిందేమో అంకుల్" అంది వేదశ్రీ. ఆమె మెట్టు మీద కూర్చుని గోళ్లలో రంగు గీక్కుంటోంది.

"అందుకేగా బొచ్చె చేప పిల్లనొకదాన్ని వేశా! తోక పూర్తి కాలేదు, లటుక్కున ఎత్తుకుపోయింది. ఆ చోటు ఇప్పటికీ తెల్లగానే ఉంటుంది. నువ్వు చెప్పావు గదమ్మా తెలుపు వదిలెయ్యాలని, నేను వదిలింది అట్టాగే."

"మరి నాకు చూపించలేదేం?"

"ఆ వారం తెచ్చా తల్లీ. నువ్వు క్లాసుకి సెలవిచ్చావు."

"నేను సెలవిస్తే గదికి తాళం ఉంటుంది కదా అంకుల్, మీరెక్కడ..."

"అదే చెప్తన్నా. అందుకే ఎవరూ చూడలా." గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క తాగి, మళ్లీ రోడ్డు చివరికి చూసి, రహ్మాన్ ఇంకొంచెం వేగం పెంచాడు. ఆగితే ఫోల్డరు మీదకి చూపులు పోతాయి. "అసలు సంగతి తర్వాతి వారంది. మబ్బు వెయ్యమంది అమ్మాయి. నేను మబ్బు ఎక్కడ వేశా? నది పైన వేశా. అది నా తప్పే, ఒప్పుకుంటా. ముదురు మబ్బు, పైన ఎగువన. వేసి పడుకున్నా. తెల్లవారుజామున కాళ్లకి చల్లగా తగిలింది. లేచి చూస్తే కాగితంలో నీరు పెరిగింది! బల్ల దాటి, గుమ్మం దాటి, మెట్ల మీంచి జలజల దిగుతంది. ఇరిగేషన్ వాళ్లు జీపేసుకొచ్చారండీ, రహ్మాన్ గారూ, మీ దగ్గర నీటిమట్టం ఎంతుందో చెప్తే కింద లంకల వాళ్లకి మైకులో చెప్పుకుంటాం అని."

"ఎన్ని క్యూసెక్కులేమిటి?" శరత్‌చంద్ర లెక్చరర్ గొంతుతో అడిగాడు.

"లక్షా పన్నెండు వేలు."

"కాగితం సైజు?"

"పావు షీటే సార్! అదే గదా విచిత్రం. అప్పుడేం చేశాననుకున్నారు? కంగారు పడలా. కుంచె తీసి బ్యారేజీ కట్టా. డెబ్బై గేట్లు. ఒక్కోటీ గీస్తా, ఒక్కోటీ దించుతా. మిగిలిన నీళ్లని ఏలూరు కాలవలోకి మళ్లించా, ఆ కింద చేలకి ఒక తడి అయిపోయింది. కానీ నీళ్లన్నాక ఊరుకుంటాయా? ఇంకో వైపు తిరిగాయి. సింగ్ నగర్ వైపు." ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు ఆయనకి తెలియకుండానే తగ్గింది. "అటు మాత్రం వద్దన్నా. మట్టిరంగు చిక్కగా కలిపి గట్టు పోశా. రాత్రంతా పోశా. ఒక్క ఇంట్లోకీ పోలా. ఒక్క బీరువా తడవలా. ఒక్క చుక్క... ఒక్క చుక్క పోనిస్తానా?"

అఫ్రాజ్ స్టవ్ మంట తగ్గించాడు. వాళ్లిల్లూ అటే. వరదప్పుడు ఐదు రోజులు మేడ మీదే ఉన్నారు.

అంతలో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. "అయిందా అన్నయ్యా?"

తెరేసమ్మ ఎప్పుడొచ్చిందో, జెరాక్స్ షాపు నీడలో గొడుగు ముడుచుకుని నిలబడి ఉంది. చేతిలో కొత్త బట్టల షాపు సంచి, మడతపెట్టిన పాత దుప్పటి ఒకటి, బొమ్మకి దెబ్బ తగలకుండా చుట్టి తీసుకుపోవడానికి. వేదశ్రీ లేచి మెట్టు మీద చోటిచ్చింది. అఫ్రాజ్ అడక్కుండానే టీ పోశాడు.

"మా పాల్ భార్యండీ" అని రహ్మాన్ అందరికీ చెప్పాడు. "పాల్ బొమ్మ వేసిస్తానన్నా. వచ్చే ఆదివారం కూడిక."

"చెప్పనే లేదు!" అన్నాడు శరత్‌చంద్ర. ఇప్పుడాయన గొంతులో వెక్కిరింత లేదు. "అయితే అదేనా ఫోల్డర్లో ఉంది? చూపించండి మరి."

నలుగురూ ఫోల్డరు వైపే చూస్తున్నారు. ఇప్పుడు వెయ్యలేదని చెప్పొచ్చు. ఒంట్లో బాగాలేదని, ఇంకో వారం కావాలని, ఎన్నైనా చెప్పొచ్చు. నలభై ఏళ్లుగా అలవాటైన నోరు ఆయన కంటే ముందు లేచింది.

"వేశానండీ. వెయ్యకపోవడమేంటి? పోయిన శుక్రవారం నమాజు చేసుకొచ్చి కూర్చున్నా. పాదాల దగ్గర మొదలెట్టా, హవాయి చెప్పులు, ఎడమదానికి పిన్నీసు. తర్వాత ఆ ఖాకీ ప్యాంటు, దాని మీద ఎన్ని రంగుల మరకలుండేవో అన్నీ వేశా, ఏ మరక ఏ బోర్డుదో నాకు తెలుసు గదా. చెవి పక్కన పెన్సిలు. మొహం ఆఖర్న వేశా. కళ్లు మరీ ఆఖర్న. రెండో కన్నులో చుక్క పెట్టానో లేదో, రెప్ప కొట్టాడండీ! ఏరా రహ్మానూ, ఇంకా గోడకి సుద్దదారం బిగించి లాక్కుండా గీత కొట్టలేవా అన్నాడు. టీ ఏదిరా అన్నాడు. ఫ్లాస్కులోది పోశా, తాగాడు, గ్లాసు పక్కన పెట్టాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడుకున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాగితం మీంచి ఒక కాలు కింద పెట్టాడు. తర్వాత రెండోది. ఇక వస్తా మరి అని, చెప్పులు టపటపలాడించుకుంటా మెట్లు దిగి వెళ్లిపోయాడు."

దారం ముడి ఆయన వేళ్లే విప్పాయి. ఫోల్డరు తెరిచి, కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఎండలో అది కళ్లు చెదిరేంత తెల్లగా ఉంది.

"అందుకే ఇట్టా ఉంది. నేను వెయ్యక కాదు."

శరత్‌చంద్ర నవ్వబోయి మానేశాడు. తెరేసమ్మ టీ గ్లాసు మెట్టు మీద పెట్టింది. కాగితాన్ని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది, ఎక్కడైనా చిన్న గీతైనా ఉందేమోనన్నట్టు.

"మరి ఇంటికి రాలేదేం అన్నయ్యా?" అంది.

రహ్మాన్ నోరు తెరిచాడు.

"కాగితం మీంచి దిగినోడు ఇంకెక్కడికి పోతాడు? ఇంటికేగా వచ్చేది. శుక్రవారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నా. తలుపు కూడా తీసే ఉంది."

దారిలో ఎవరో కలిసుంటారనో, బస్సు దొరకలేదనో, కథని ఇంకో మలుపు తిప్పడానికి వందమాటలు ఉన్నాయి. ఒక్కటీ రాలేదు. కాగితం పట్టుకున్న చేతులు మెల్లగా కిందికి దిగాయి.

తెరేసమ్మ ఆయన జేబులోని కుంచె తీసుకుంది. మూత ఊడదీసి, దాని కొసని బొటనవేలి గోటి మీద నొక్కింది. అది వంగలేదు. పుల్లలా నిలబడింది.

"మీ ఇద్దరి బ్రష్షులు కిరసనాయిల్లో కడిగీ కడిగీ నా చేతులు పగిలినయ్యి. నాకు తెలవదా? కొత్తదానికి ఎంట్రుకలు చెదరకుండా జిగురు పట్టించి పంపుతారు. ఒక్కసారి ముంచితే కరిగిపోద్ది. దీనికి అట్టాగే ఉంది. అంత వరద తెప్పించావు గానీ, నీ బ్రష్ ఇంకా నీళ్ల మొహం చూడలేదన్నయ్యా."

వేదశ్రీ తల వంచుకుంది. అఫ్రాజ్ కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతున్నాడు.

"నాకు బొమ్మలు రావు తెరేసమ్మా" అన్నాడు రహ్మాన్.

"తెలుసు."

"తెలిసే అడిగావా?"

"తెలిసే అడిగా. రావని అంటావని అడిగా. అప్పుడన్నా ఎవరికి వచ్చో నీ నోటితో చెప్తావని." ఆమె గొంతు పెంచలేదు. "ఎన్ని కథలన్నయ్యా! ఆయన బతికుండగా, నీ పక్కనే కూర్చుని టీ తాగతా ఉండగా చెప్పావు. ఒక్కదాంట్లోనన్నా ఆయన చేతికి బ్రష్ ఇచ్చావా? ఎప్పుడూ నిచ్చెనే పట్టించావు. ఇప్పుడూ అంతే. ఆయన పోయాక కూడా ఆయన్ని నువ్వే వేశావు."

"వాడు ఎప్పుడూ ఏమీ అనలేదే."

"నీతో అనలా. ఇంట్లోనూ అనలా. బోర్డు తగిలించాక మర్నాడు సైకిలేసుకుని పోయి, కింద కుడిపక్క మూల చూసుకుని వచ్చేవాడు. అంతే."

రహ్మాన్ మెట్టు మీద కూర్చున్నాడు. పై గదిలోంచి ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తోంది. కాగితాలు ఆరే వేళయింది. పైకి వెళ్లాలని వేదశ్రీకీ శరత్‌చంద్రకీ తెలుసు, అయినా కదల్లేదు. రహ్మాన్ మొదలుపెట్టాడు. ఇంతకుముందు మాట్లాడిన గొంతు కాదు అది. దగ్గరికి జరిగితే గానీ వినపడదు.

"ఉయ్యూరు రోడ్డులో ఆవు బొమ్మ చెప్పాను గదా. వేసింది పాల్. నేను కింద నిచ్చెన పట్టుకున్నా. పొద్దున ఆరున్నరకి ఎక్కాడు, మధ్యాహ్నం మూడింటికి దిగాడు. అన్నం కూడా పైనే తిన్నాడు, నేను క్యారేజీ అందించా. సుద్దదారం లేదు, కొలతకి గీసుకునే గళ్లు లేవు. ఒట్టి చేత్తో వేశాడు."

"ఆ తర్వాత?" అఫ్రాజ్ అలవాటు కొద్దీ అడిగి, అడిగినందుకు నాలుక కరుచుకున్నాడు.

"ఆ తర్వాత ఏమీ కాలా. దూడా రాలా, గీడా రాలా. వాడు రోడ్డుకి అవతలికి పోయి నిలబడి చూసుకున్నాడు. కుడి కొమ్ము కొంచెం పొట్టిగా వచ్చిందిరా అన్నాడు. నేను నిచ్చెనెక్కి డెయిరీ పేరు రాశా. మూలన నా పేరు రాశా. ఇద్దరం టీ తాగాం. అంతే."

తెరేసమ్మ పైట చెంగుతో మొహం తుడుచుకుంది. "పొట్టిగా వచ్చిందనే అన్నాడు ఇంటికొచ్చి కూడా" అంది. "వారం రోజులు అదే మాట. వచ్చే ఆదివారం కూడికలో ఇది చెప్పు. ఇదొక్కటి చెప్పు చాలు."

"చెప్తా. నా మాట ఎవరు నమ్ముతారమ్మా?"

"నమ్మకపోతే నేనుంటాగా."

రహ్మాన్ అఫ్రాజ్ వైపు చెయ్యి చాపాడు. అఫ్రాజ్ ఒక గ్లాసునిండా మంచినీళ్లు ఇచ్చాడు. తెరేసమ్మ చేతిలోంచి కుంచె తీసుకుని అందులో ముంచాడు రహ్మాన్. మొదట ఏమీ కాలేదు. తర్వాత గట్టిగా బిగుసుకున్న కొన మెల్లగా విచ్చుకుంది, నీళ్లు కొంచెం మసకబారాయి. సంచిలోంచి రంగుల పెట్టె తీశాడు. నీలం ట్యూబుకి సీలు కూడా విప్పలేదు. పళ్లతో కొరికి విప్పాడు.

కాగితాన్ని ఫోల్డరు మీద పరిచి, ఫోల్డరు ఒళ్లో పెట్టుకున్నాడు. అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. కాగితం మధ్యకి పోలేదు ఆ చెయ్యి. కుడివైపు కింద మూలకి పోయింది. సుద్దదారం లేదు, గీత లేదు. నలభై ఏళ్లలో గీత కొట్టకుండా ఒక్క అక్షరం రాయని మనిషి రెండే రెండక్షరాలు రాశాడు: పాల్. నీళ్లెక్కువై 'ల్' అంచు కాస్త పాకింది. తుడవబోయి, ఆగి, వదిలేశాడు.

మిగతా కాగితమంతా తెల్లగానే ఉంది.

తెరేసమ్మ దుప్పటి మడత విప్పి పట్టుకుని నిలబడింది. "చుట్టనా?"

"ఆఖరి రోజు అందరివీ పైన గోడకి పెడుతున్నాం అంకుల్, మీదీ పెడదాం. ఆంటీ కాసేపాగి తీసుకెళ్తారు" అంది వేదశ్రీ. "మా పూత ఆరిపోయి ఉంటుంది, పదండి."

"మీరు పదండమ్మా" అన్నాడు రహ్మాన్, ఫోల్డరు వంగకుండా రెండు మోకాళ్ల మీద సరిచేసుకుంటూ. "నాది ఇంకా తడి ఆరలేదు."